అంకుల్ అంటే అసలు మేనమామే: నెల్లూరు కుండలో దొరికిన లాటిన్ మాటలు

ఈ రోజు ఎపిసోడ్ చరిత్రే, కానీ యుద్ధాలూ కోటలూ ఉండవు. అమ్మ, నాన్న, మేనమామ, మేనత్త, స్నేహితుడు, ప్రేమ... ఈ మాటల చరిత్ర. అదీ లాటిన్‌లో. "లాటిన్‌కీ మనకీ ఏం సంబంధం బ్రో?" అని కొంతమందికి డౌట్ వచ్చుంటుంది. ఆ సంబంధం ఏ లండన్ మ్యూజియంలోనో మొదలవలేదు. మన నెల్లూరు నేలలో, ఒక రైతు నాగలికి తగిలింది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి చూస్తున్న వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా వినండి, చివర్లో మీకు పనికొచ్చే విషయం కూడా ఒకటుంది.

సంవత్సరం 1786. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల కొండ పక్కన దున్నుకుంటున్నాడు. నాగలి దేనికో అడ్డం పడింది. చూస్తే ఇటుకల కట్టడం. తవ్వుకుంటూ పోతే ఒక చిన్న గుడి శిథిలాలు బయటపడ్డాయి. దాని కింద ఒక చిన్న కుండ. కుండ నిండా బంగారు నాణేలు. వాటి మీద ఉన్న బొమ్మ మన రాజుది కాదు, అక్షరాలు మన అక్షరాలు కావు. రైతు ఏం చేస్తాడు? పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్లు చాలావరకు కరిగించేశారు. అప్పటి ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా మాత్రం ఓ 30కి పైగా నాణేలు తిరిగి సంపాదించాడు. కుండ దొరికినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని చూసి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ల పత్రిక రెండో సంపుటంలో అచ్చయింది. అందుకే మనకు ఈ కథ తెలుసు.

ఆ నాణేలు రోమ్‌వి. క్రీ.శ. 2వ శతాబ్దానివి. వాటి మీద ఉన్న పేర్లు ట్రాజన్, హాడ్రియన్, ఫౌస్టీనా. కొన్ని నిన్న టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి. చిల్లులెందుకు? మెడలోనో చేతికో కట్టుకున్నారు కాబట్టి. కాసులపేరు గుర్తొచ్చిందా? రోమ్ మహారాణి మొహం మన నెల్లూరు ప్రాంతంలో ఎవరో ఒక ఆడబిడ్డ మెడలో వేలాడిందన్న మాట.

ఇక్కడ చిన్న లెక్క. ఆ బంగారు నాణేన్ని ఔరెయుస్ అంటారు, బరువు 7 గ్రాముల పైచిలుకు. ట్రాజన్ కాలంలో రోమన్ సైన్యంలో మామూలు సిపాయి జీతం ఏడాదికి 300 వెండి దేనారియుస్‌లు. 25 దేనారియుస్‌లకు ఒక ఔరెయుస్. అంటే ఏడాది జీతం 12 బంగారు నాణేలు. నవాబు దగ్గరికి చేరిన ఆ 30 నాణేలే ఒక సిపాయి రెండున్నరేళ్ల జీతం. కరిగిపోయినవి దీనికి అదనం. ఈ డబ్బంతా ఇక్కడికి ఎందుకొచ్చిందంటే వ్యాపారం. ఈజిప్టు ఎర్రసముద్రం రేవుల నుంచి నైరుతి గాలులు పట్టుకుని ఓడలు వచ్చేవి. మిరియాలు, ముత్యాలు, సన్నబట్టలు కొనుక్కెళ్లేవి. మన తీరాన్ని వాళ్లు మసాలియా అని రాసుకున్నారు, అక్కడ సన్నని నూలుబట్ట బాగా నేస్తారని కూడా రాశారు. ప్లినీ అనే రోమన్ రచయిత, ఇండియా ఏటా మన దగ్గర 5 కోట్ల సెస్టెర్స్‌లు లాగేసుకుంటోంది అని గొణుక్కున్నాడు.

సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. నాకు ఆసక్తి ఆ నాణేల మీద రాసిన మాటల మీద. ఎందుకంటే రోమన్ నాణెం మీద ఎక్కువగా కనబడే మాటల్లో కొన్ని చుట్టరికాల మాటలే.

స్క్రీన్ మీద చూడండి. ఇది ఆగస్టస్ చక్రవర్తి వెండి దేనారియుస్. ఇండియాలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో బాగా ఎక్కువగా కనబడే రకాల్లో ఇదొకటి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన పెద్ద నిధిలో కూడా ఆగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలున్నాయి. దీని ముందు వైపు "దీవి ఎఫ్" అని ఉంటుంది. ఎఫ్ అంటే ఫీలియుస్, కొడుకు. దీవి అంటే దేవుడైపోయిన వాడి. మొత్తం కలిపి దేవుడి కొడుకు. ఆ పక్కనే "పాటెర్ పాట్రియే", అంటే దేశానికి తండ్రి. పాటెర్ అంటే తండ్రి. ఇప్పటికే రెండు మాటలు నేర్చుకున్నారు. వెనక వైపు ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉంటారు, గైయుస్, లూకియుస్. వాళ్ల గురించి కూడా "ఆగస్టస్ ఫీలియి" అనే అర్థంలో రాసుంటుంది, ఆగస్టస్ కొడుకులు అని.

ఇప్పుడు ట్విస్ట్. వాళ్లు ఆగస్టస్ కన్న కొడుకులు కాదు. ఆయన కూతురు యూలియా కొడుకులు. అంటే మనవళ్లు. క్రీ.పూ. 17లో తాతే దత్తత తీసుకుని కొడుకులుగా చేసుకున్నాడు. మరి ఆగస్టస్ "దేవుడి కొడుకు" ఎలా అయ్యాడు? దేవుడైపోయినవాడు జూలియస్ సీజర్. ఆయన ఆగస్టస్‌కి తండ్రి కాదు. ఆగస్టస్ వాళ్లమ్మకు మేనమామ. వీలునామాలో దత్తత రాసిపెట్టాడు. ఆగస్టస్ తర్వాత వచ్చిన టైబీరియస్ ఆయన భార్య మొదటి పెళ్లి కొడుకు. అతనూ దత్తతే. కానీ నాణెం మీద మాత్రం దేవుడైన ఆగస్టస్ కొడుకు అనే ఉంటుంది.

నెల్లూరు కుండలోకి వద్దాం. ట్రాజన్‌కు పిల్లల్లేరు. హాడ్రియన్ ఆయనకు ఏమవుతాడు? ట్రాజన్ మేనత్తకు మనవడు. 117లో పట్టానికి రాగానే హాడ్రియన్ వేయించిన నాణేల మీద దేవుడైన ట్రాజన్ కొడుకు, దేవుడైన నెర్వా మనవడు అని ఉంటుంది. మనవడికి లాటిన్ మాట నెపోస్. ఒక రకం నాణెం మీదైతే "అడాప్షియో", దత్తత, అని నేరుగా రాసేశారు. ట్రాజనూ హాడ్రియనూ చేయి కలుపుకుంటున్న బొమ్మతో. ఆ దత్తత ట్రాజన్ మంచం మీద ఉండగా నిజంగా జరిగిందా లేదా అని అప్పట్లోనే గుసగుసలున్నాయి. అందుకే నాణెం మీద అంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పట్లో నాణెం అంటే ఊరూరికీ ఫార్వర్డ్ అయ్యే స్టేటస్ లాంటిది. అధికారం ఎవరిదో చెప్పాలంటే ముందు చుట్టరికం చెప్పాలి.

నెపోస్ అనే మాట మీకు వేరే వేషంలో బాగా తెలుసు. సినిమా వాళ్ల పిల్లల్ని ట్రోల్ చేసేటప్పుడు వాడతారు కదా, నెపో కిడ్, నెపోటిజం అని. అది ఈ మాటే. నెపోస్ మొదట మనవడు, తర్వాత తర్వాత మేనల్లుడికీ అన్నదమ్ముల కొడుక్కీ కూడా వాడారు. ఇటలీలో పోప్‌లు తమ మేనల్లుళ్లకు పెద్ద పెద్ద పదవులు కట్టబెడుతుంటే జనం దానికి నెపోటిజం అని పేరు పెట్టారు.

ఇప్పుడు అసలు పాయింట్. నాన్నకు అన్నదమ్ముడు ఉన్నాడనుకోండి, మనం పెదనాన్న, బాబాయి అంటాం. అమ్మకు అన్నదమ్ముడు ఉంటే మేనమామ. రెండూ ఒకటి కాదు కదా? మనింట్లో కలిపి చూస్తే పెద్దవాళ్లు ఊరుకుంటారా? లాటిన్ వాళ్లు కూడా ఊరుకోలేదు. నాన్న సోదరుడు పాట్రూస్. ఇది పాటెర్ నుంచి వచ్చింది. అమ్మ సోదరుడు అవుంకులుస్. ఇది అవుస్ అనే మాట నుంచి వచ్చింది, అవుస్ అంటే తాత. అవుంకులుస్ అంటే చిన్న తాత అన్నట్టు. అమ్మ వైపు తాతకు చిన్న రూపం మేనమామ. అలాగే నాన్న అక్కచెల్లెలు అమిత, అంటే మేనత్త. అమ్మ అక్కచెల్లెలు మాటెర్తెర, అంటే మన పెద్దమ్మ, పిన్ని. మాటెర్ అంటే అమ్మ. పెద్దమ్మలో అమ్మ ఉన్నట్టే మాటెర్తెరలో మాటెర్ ఉంది. ఒక్క తేడా ఏందంటే, మనం పెద్దా చిన్నా కూడా చూస్తాం, పెదనాన్న, బాబాయి అని. వాళ్లు అది చూడలేదు.

ఈ నాలుగు మాటల్లో రెండు ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లాయి. అవుంకులుస్ అరిగి అరిగి అంకుల్ అయింది. అమిత అరిగి ఆంట్ అయింది, మన నోట్లో ఆంటీ. అంటే మీరు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని, బస్సులో పక్క సీటాయన్ని, నాన్న ఆఫీసు ఫ్రెండ్‌ని అంకుల్ అన్నప్పుడల్లా, మూలంలోకి వెళ్లి చూస్తే మేనమామా అని పిలుస్తున్నారు. ఆంటీ అంటే మేనత్తా అని. కజిన్ సంగతి ఇంకా బాగుంటుంది. అది కోన్‌సోబ్రీనుస్ అనే మాట నుంచి వచ్చింది. అందులో సొరోర్, అంటే అక్కచెల్లెలు, దాక్కుని ఉంది. మొదట్లో దాని అర్థం అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు. మన లెక్కలో పెద్దమ్మ కొడుకు, పిన్ని కూతురు. అంటే అన్నాచెల్లెళ్లు!

అన్నాచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? మనకు బావ, మరదలు. లాటిన్‌లో అమితీనుస్, ఆడవాళ్లయితే అమితీన. మేనత్త అనే అమిత నుంచే ఆ మాట. తెలుగులో ఏ ఇద్దరిని వేరు చేసి చెప్తామో, పాత లాటిన్ కూడా వాళ్లిద్దరినీ వేరు చేసి చెప్పింది. ఇంగ్లిష్ ఆ గడులన్నీ కలిపేసి కజిన్ అనే ఒకే కాలమ్ చేసింది. డేటాబేస్ పని చేసినవాళ్లకు అర్థమవుతుంది, నాలుగు కాలమ్‌లు కలిపి ఒకటి చేస్తే మళ్లీ విడదీయలేం.

మన కుండలో ఫౌస్టీనా నాణేలు ఉన్నాయన్నాను కదా. ఫౌస్టీనాలు ఇద్దరు, తల్లీ కూతుళ్లు. ఇద్దరి పేరుతోనూ నాణేలున్నాయి. తల్లి ఫౌస్టీనా, ఆంటోనైనస్ పియస్ చక్రవర్తి భార్య. ఆవిడ 140 ప్రాంతంలో చనిపోయింది. ఆయన ఆవిణ్ని దేవతగా ప్రకటించి, రోమ్ నడిబొడ్డున గుడి కట్టించాడు. ఆ స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ఆవిడ పేరు మీద పేద ఆడపిల్లల్ని పోషించే ఏర్పాటు చేసి, దాన్ని కూడా నాణెం మీద వేయించాడు. ఆ భార్యాభర్తల గురించి వాడిన మాట కోంకోర్దియా. కోర్ అంటే గుండె. రెండు గుండెలు కలిసి ఉండటం. ఒస్తియా అనే రేవు పట్టణంలో కొత్త పెళ్లిజంటలు వీళ్ల విగ్రహాల ముందు మొక్కుకోవాలని ఒక శాసనం కూడా ఉంది.

కూతురు ఫౌస్టీనా నాణేల మీద పియస్ ఫీలియా అని ఉంటుంది, పియస్ కూతురు. ఫీలియుస్ కొడుకు, ఫీలియా కూతురు. ఈ అమ్మాయిని 145లో పెళ్లి చేసుకున్నది ఎవరో తెలుసా? మార్కస్ ఆరేలియస్. ఇన్‌స్టాలో జిమ్ వీడియోల కింద ఆయన కొటేషన్లు వేస్తుంటారు, ఆ ఫిలాసఫర్ చక్రవర్తే. మార్కస్ తండ్రి, తల్లి ఫౌస్టీనా ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. ఇప్పుడు వరస కట్టండి. నాన్న చెల్లెలు మేనత్త. మేనత్త కూతురు మరదలు. మార్కస్ ఆరేలియస్‌ది మేనరికం! ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పటికే పియస్ మార్కస్‌ను దత్తత తీసుకున్నాడు. అంటే చట్టం దృష్టిలో ఇద్దరూ అన్నాచెల్లెళ్లే. రోమన్ చట్టంలో దానికి దారుంది. ఇద్దరిలో ఒకరిని తండ్రి అధికారం నుంచి విడుదల చేస్తే పెళ్లి చెల్లుతుంది.

మన దగ్గర ఇలాంటిది రాళ్ల మీద రాసుకున్న ఉదాహరణ ఉందా అంటే, ఉంది. నాగార్జునకొండ. మార్కస్ పెళ్లయిన ఓ వందేళ్ల తర్వాత, 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లను పెళ్లి చేసుకున్నాడు. అక్కడి శాసనాల్లోనే ఉంది. అంటే రోమ్ నుంచి మనం కాపీ కొట్టామని కాదు, మన నుంచి వాళ్లు కొట్టారని అసలే కాదు. రెండు చోట్లా కారణం వేరు. మార్కస్ పెళ్లి సింహాసనం కోసం. రోమ్‌లో మేనమామ వేరు, పిల్లనిచ్చిన మామ వేరు. ఆ మామకు సోకెర్ అనే వేరే మాట ఉంది. తెలుగులో మాత్రం మేనమామా మామే, పిల్లనిచ్చినాయనా మామే. మేనత్తా అత్తే, మొగుడి తల్లీ అత్తే. అల్లుడు, మేనల్లుడు, కోడలు, మేనకోడలు... మొత్తం అలాగే అల్లుకుని ఉంటుంది. ఎందుకంటే మేనరికం మన దగ్గర ఒక పెళ్లి కాదు, ఒక పద్ధతి. ఆ పద్ధతి అచ్చం భాషలో దిగిపోయింది. దగ్గర రక్తసంబంధం పెళ్లిళ్లు పిల్లల ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు చెప్తారు, అది వినాల్సిందే. కానీ పద్ధతి పోయినా మాటలు ఆ పద్ధతికి సాక్ష్యంగా మిగులుతాయి.

ఇంకో పోలిక చూపించకుండా ఉండలేను. రోమ్‌లో ప్రతి ఒక్కడూ నేను ఫలానా తండ్రి కొడుకును అని నాణెం మీద వేసుకుంటున్న కాలంలో, మన శాతవాహన రాజులు ఏం వేసుకున్నారు? గౌతమీపుత్ర శాతకర్ణి. వాసిష్ఠీపుత్ర పులుమావి. అమ్మ పేరు! క్షత్రప రాజు నహపాణుణ్ని ఓడించాక, అతని వెండి నాణేలు తీసుకుని వాటి మీద తన గుర్తు మళ్లీ కొట్టించాడు గౌతమీపుత్రుడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఇలాంటి నిధి దొరికింది, 13 వేలకు పైగా నాణేలు. శత్రువు మొహం మీద అమ్మ పేరు అచ్చు పడింది. ఆ తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో శాసనం వేయించింది. అందులో ఆవిడ తనను మహారాజు తల్లి, మహారాజు నాయనమ్మ అని చెప్పుకుంది. అయితే ఒక మాట, అమ్మ పేరు పెట్టుకున్నారు కాబట్టి అక్కడ ఆడవాళ్ల రాజ్యం నడిచిందని అనుకోవద్దు. పట్టం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. కానీ పేరు అమ్మది నిలిచింది. శాతవాహనుల వెండి నాణేల మీద ఒక వైపు ప్రాకృతంలో పుత అని ఉంటే, రెండో వైపు ద్రావిడ భాషలో కొడుక్కి వేరే మాట ఉంటుంది, మకన్ అని. మన మగ, మగబిడ్డ అనే మాటలకు అది చుట్టం.

చుట్టం అన్నాను కాబట్టి భాషల చుట్టరికం చెప్పుకోవాలి. కుండ దొరికిన 1786లోనే, ఫిబ్రవరి 2న, కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చుండాలి అన్నాడు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఏషియాటిక్ సొసైటీయే తర్వాత మన నెల్లూరు కుండ ఉత్తరాన్ని అచ్చేసింది. ఆయన మాటకు బలమైన సాక్ష్యాల్లో ఇంట్లో వాడే మాటలే ముందుంటాయి. పాటెర్, పితృ. మాటెర్, మాతృ. ఫ్రాటెర్, భ్రాతృ. సొరోర్, స్వసృ. నెపోస్‌కు సంస్కృతంలో నప్తృ. భర్త పోయినావిడకు లాటిన్‌లో విదుఅ, సంస్కృతంలో విధవ. మనం ఎవడినైనా తిట్టేటప్పుడు వెధవ అంటాం కదా, అది ఆ విధవ నుంచే వచ్చింది. ఒక ఆడమనిషి కష్టాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. ఈ సారి ఆ మాట నోటిదాకా వస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

మరి అమ్మ, నాన్న, అన్న, అక్క, అత్త, మామ? ఇవి ఆ కుటుంబానివి కావు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట లాంటి వ్యాసంలో, తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, అవి సంస్కృతం నుంచి పుట్టలేదనీ చూపించాడు. కాబట్టి మనింట్లో రెండు రకాల మాటలున్నాయి. శుభలేఖలో రాసే మాతృశ్రీ, పితృదేవతలు అనేవి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి, లాటిన్‌కు దూరపు చుట్టాలు. వంటింట్లోంచి పిలిచే అమ్మా, అక్కా మన సొంతం. ఇక్కడ ఒక జాగ్రత్త. లాటిన్‌లో అమ్మమ్మనూ నాయనమ్మనూ అవియ అంటారు. మనవైపు అవ్వ అంటాం. వినడానికి ఒకేలా ఉన్నాయని "చూశారా, లాటిన్ తెలుగు నుంచే పుట్టింది" అని రీల్ చేసేయకండి. సౌండ్ కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు. చుట్టరికం అనాలంటే చాలా మాటల్లో ఒకే పద్ధతి ప్రకారం శబ్దాలు మారాలి. పాటెర్, పితృ జంటలో ఆ పద్ధతి ఉంది. అవియ, అవ్వ జంటలో లేదు.

ఇక స్నేహం, ప్రేమ. లాటిన్ నేర్చుకునేవాళ్లు మొదటి రోజు వల్లించే క్రియ అమో, అమాస్, అమత్. నేను ప్రేమిస్తున్నా, నువ్వు ప్రేమిస్తున్నావ్, అతను ప్రేమిస్తున్నాడు. ప్రేమ అమొర్. స్నేహితుడు అమీకుస్, స్నేహితురాలు అమీక. రెండూ ఒకే వేరు. స్నేహానికి అమీకితియా అనే పేరు ప్రేమ నుంచే వచ్చిందని సిసెరో తన స్నేహం పుస్తకంలో చెప్పాడు. మన స్నేహం అనే మాటకు సంస్కృతంలో నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. అంటుకుంటే వదలదు. వాళ్లు గుండె వైపు నుంచి చెప్పారు, మనవాళ్లు అంటుకునే గుణం వైపు నుంచి చెప్పారు. భార్య ఉక్సోర్, భర్త మరీతుస్. తల్లిదండ్రుల మీదా, దేవుడి మీదా బాధ్యతతో కూడిన ప్రేమ పియెతాస్. అమ్మానాన్నల్ని చూసుకోవడం అనే పనికి వాళ్లు పెట్టుకున్న పేరు అది. నాణేల మీద పియెతాస్, కోంకోర్దియా బాగా కనబడతాయి. రాజ్యానికి కావలసింది బాధ్యతా, పొందికా.

మరి మామూలు మనుషుల ప్రేమ ఎక్కడ దొరుకుతుంది? కర్రపలకల మీద. ఇంగ్లండ్ ఉత్తరాన విందొలాండ అనే రోమన్ కోటలో, బురదలో పాడవకుండా ఉండిపోయిన పల్చటి చెక్కముక్కలు దొరికాయి. వాటిలో ఒకటి 1985లో బయటపడింది. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ, సుల్పికియా లెపిదీన అనే స్నేహితురాలికి రాసిన ఉత్తరం. సెప్టెంబర్‌లో నా పుట్టినరోజుకి నువ్వు కచ్చితంగా రావాలి అని పిలుపు. ఇద్దరూ సైన్యం అధికారుల భార్యలు. రక్తసంబంధం ఉన్నట్టు ఏమీ లేదు, కానీ లెపిదీనను సొరోర్ అని పిలిచింది, అక్కా అన్నట్టు. ఇంకా అనిమ మెయ, నా ప్రాణమా అంది. కారిస్సిమ, చాలా ఇష్టమైనదానా అంది. ఉత్తరం ఎక్కువ భాగం రాయసగాడితో రాయించి, చివర్లో ఆ ప్రేమ మాటలు మాత్రం తన చేత్తో రాసింది. లాటిన్‌లో ఒక ఆడమనిషి సొంత చేతిరాత మనకు దొరికిన మొదటి నమూనాల్లో అదొకటి.

తేదీ చూడండి. క్రీ.శ. 100 అంటే ట్రాజన్ కాలం. మన నెల్లూరు కుండలో ఉన్న ట్రాజనే. ఒకే రాజు బొమ్మ ఉన్న నాణెం ఒక చివర సెవెరా మొగుడి జీతంలో, ఇంకో చివర మన ప్రాంతంలో మెడలో. మధ్యలో సగం ప్రపంచం. మనం ఫ్రెండ్‌ని "ఏరా మామా", "ఏం బావా", "అక్కా" అన్నప్పుడు చేసే పని కూడా సెవెరా చేసిందే. చుట్టం కానివాణ్ని మాటతో చుట్టాన్ని చేసుకోవడం.

అందుకే నాకు అంకుల్, ఆంటీ అనే మాటల మీద కోపం లేదు. తెలియనివాళ్లను కూడా చుట్టంగా పిలవాలన్న మన అలవాటే వాటిలో పని చేస్తోంది. నా బాధ వేరు. మేనమామ పెళ్లిలో ఏం చేయాలో, మేనత్తకు పుట్టింట్లో ఏ మర్యాద ఉందో, చిన్నాయన అంటే ఎవరో, తోడికోడలు, వియ్యంకుడు, షడ్డకుడు అంటే ఎవరో, ఇవన్నీ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. బెంగళూరులోనో డాలస్‌లోనో పుట్టిన పిల్లకు అందరూ అంకుల్సూ కజిన్సూ అయ్యాక, ఆ మాటతో పాటు ఆ మనిషితో ఉండాల్సిన తీరు కూడా పోతుంది. రోమన్లకూ అదే జరిగింది. పాట్రూస్ అనే మాట ఇంగ్లిష్‌దాకా రానే లేదు, మాటెర్తెరా రాలేదు. ఆ రైతు కుండ విషయంలో బంగారం ఎక్కడికీ పోలేదు. కరిగినా బరువు అంతే ఉంటుంది, ఏ గాజుల్లోనో ఉండే ఉంటుంది. పోయింది దాని మీద రాసిన రాత. ఎవరి కూతురు, ఎవరి కొడుకు, ఎవరి మనవడు అనే రాత.

ఆ రైతును నేను తప్పు పట్టను. చదవలేని అక్షరాలు ఉన్న బంగారం ఆయనకు బంగారమే. మనం మాత్రం చదవగలం. కాబట్టి పనికొచ్చే విషయం ఏందంటే, మీ పొలంలో ట్రాక్టర్‌కు గానీ, బావి పూడిక తీసేటప్పుడు గానీ పాత నాణేలు, కుండ తగిలితే కంసాలి దగ్గరికి పరిగెత్తొద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. 10 రూపాయల కంటే ఎక్కువ విలువైన పాత నిధి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెడితే నేరం. చెప్తే చట్టప్రకారం దొరికినవాడికీ, నేల యజమానికీ హక్కులున్నాయి. కదపకముందే ఫొటో తీసి, ఎక్కడ ఎంత లోతులో దొరికిందో రాసుకుని, తహశీల్దార్ ఆఫీసులో చెప్పండి. నాణెం కంటే అది ఏ చోట ఉందన్న సమాచారమే చరిత్రకు ఎక్కువ విలువైనది.

రెండో కుండ మీ ఇంట్లోనే ఉంది. అవ్వ, తాత, జేజి ఎవరున్నా ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కూర్చోండి. మన చుట్టాల్లో ఎవరిని ఏమని పిలవాలి, ఎందుకు అలా పిలవాలి అని అడగండి. ఒక కాగితం మీద వంశవృక్షం గీసి, ప్రతి పేరు పక్కన వరస రాయండి. కజిన్ అని మాత్రం రాయొద్దు, బావ అయితే బావ, తమ్ముడైతే తమ్ముడు. గంటన్నర పని, అంతే. వాళ్లు ఉండగానే చేయండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. లాటిన్‌లో వెళ్లొస్తా అనడానికి వాలే అంటారు, ఆరోగ్యంగా ఉండు అని దాని అర్థం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. వాలే.